పరాయి ఊరు, సొంత ఇల్లు - హైదరాబాదుతో ముడిపడిన మూడు యాత్రాగ్రంథాల పరిశీలన

హైదరాబాదుకు తూర్పున, ఉప్పల్, నాచారం దాటిన తరువాత వచ్చే చర్లపల్లి చాలాకాలం రెండు విషయాలకే ప్రసిద్ధి. ఒకటి అక్కడి పారిశ్రామికవాడ, రెండవది కేంద్ర కారాగారం. 2025 జనవరి 6న సుమారు 413 కోట్ల రూపాయల వ్యయంతో నిర్మించిన రైల్వే టెర్మినల్ ప్రారంభమైన తరువాత ఈ రెండింటికీ మూడవది తోడైంది. సికింద్రాబాదు, నాంపల్లి, కాచిగూడల తరువాత నగరానికి అది నాలుగవ పెద్ద ప్రయాణద్వారం. కదలడానికి వీలులేని మనుషులను ఉంచే గోడలు, దూరప్రాంతాలకు మనుషులను చేరవేసే పట్టాలు ఒకే ఊరి పేరుతో నిలిచి ఉన్నాయి.

ప్రయాణం మనిషిని మారుస్తుందనీ, ఎరుగని ప్రదేశాలు చూసినవాడు తన జీవితాన్ని కొత్త కళ్ళతో చూడగలుగుతాడనీ లోకంలో ఒక మాట ఉంది. ఈ మాటను ఎవరూ కాదనరు. కానీ పరీక్షించి చూసేవారు కూడా తక్కువే. ఒక్క రోజులో ఒక స్టేషను నుండి వేలమంది బయలుదేరుతారు, వేలమంది దిగుతారు. దిగినవారందరూ కొత్త చూపుతోనే దిగుతున్నారా? దిగనివారికి లోపించినది ఏమిటి? కేవలం దూరమే చూపును మార్చగలిగితే సరుకుల లారీ నడిపేవాడు లోకంలోకెల్లా జ్ఞాని కావాలి. కనుక దూరంతో పాటు మరేదో ఉండాలి. అది ఏమిటో తెలుసుకోవడానికి ఒక మంచి మార్గం, ప్రయాణించినవారు తమ చేతులతో రాసి పెట్టిన గ్రంథాలను జాగ్రత్తగా చదవడం.

హైదరాబాదుతో ఏదో ఒక విధంగా సంబంధమున్న మూడు గ్రంథాలు ఇందుకు అనువైనవి. ఈ నగరం మీదుగా కాశీకి వెళ్ళిన ఏనుగుల వీరాస్వామయ్య రాసిన 'కాశీయాత్ర చరిత్ర' మొదటిది. ఈ నగరంలో పుట్టి లండను చూసి వచ్చిన యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్ రాసిన 'తారీఖె యూసుఫీ' రెండవది. తుర్కీ, సిరియా, ఈజిప్టులు తిరిగి, ఆపై కొన్ని సంవత్సరాలకు ఉద్యోగరీత్యా ఈ నగరానికి వచ్చిన మౌలానా షిబ్లీ నోమానీ 'సఫర్‌నామా' మూడవది. ఒకరు తెలుగువాడు, హిందువు, ఒకరు సిపాయి, ఒకరు ఆలిం. ముగ్గురూ ఒకే శతాబ్దానికి చెందినవారు. ముగ్గురి చూపులు మాత్రం మూడు విధాలు.

గీటురాయి ఏది?

గ్రంథాలను తూచే ముందు తూనికరాయి ఏదో నిర్ణయించుకోవాలి. భూమిపై సంచరించి చూడవలసిందిగా దివ్య ఖుర్‌ఆన్ అనేక చోట్ల మానవుణ్ణి ఆదేశించింది. సూరా అన్కబూత్‌లో సృష్టి ఎలా ఆరంభమైందో చూడమన్న సందర్భంలో ఈ ఆదేశం వస్తుంది. సూరా హజ్‌లో మరొక మెట్టు పైకి వెళ్ళి, సంచారం వల్ల గ్రహించే హృదయాలు, వినే చెవులు కలగాలన్న భావం కనిపిస్తుంది. నిజంగా గుడ్డివయ్యేవి ముఖంపై ఉన్న కళ్ళు కావనీ, రొమ్ములలోని హృదయాలనీ అక్కడే హెచ్చరిక ఉంది. అంటే ప్రయాణం సాధనమే గాని ఫలం కాదు. కళ్ళు ఎంత చూసినా హృదయం మూసుకుని ఉంటే యాత్ర జరగనట్లే.

దీనికి తోడుగా మరొక విషయం గమనించవలసి ఉంది. ఇస్లామీయ సంప్రదాయం ప్రయాణాన్ని ఊరికే ఆకాశానికెత్తలేదు. ప్రయాణం యాతనలో ఒక భాగమనీ, అది మనిషికి తిండీ నిద్రా దూరం చేస్తుందనీ, పని ముగిసిన వెంటనే ఇంటివారి వద్దకు త్వరగా మరలి రావాలనీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. బాటసారికి నమాజు కుదించుకునే సౌలభ్యం, ఉపవాసాన్ని వాయిదా వేసుకునే వెసులుబాటు, జకాత్‌లో వాటా ఇవన్నీ ప్రయాణంలోని కష్టాన్ని గుర్తించి ఏర్పరచినవే. చూడమన్న ఆదేశమూ, ఇంటికి మరలమన్న బోధనా రెండూ కలిసినప్పుడే ప్రయాణానికి పూర్తి అర్థం ఏర్పడుతుంది.

ఇమాం గజాలీ 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో ప్రయాణ మర్యాదల కోసం ఒక ప్రత్యేక భాగాన్నే కేటాయించారు. దేహం చేసే ప్రయాణం వేరు, హృదయం చేసే ప్రయాణం వేరు అన్న విభజనతో ఆ భాగం మొదలవుతుంది. ఇది గ్రంథపాండిత్యంతో చెప్పిన మాట మాత్రమే కాదు. 1095లో ఆయన బాగ్దాదు నిజామియా విద్యాలయంలోని ఉన్నత పదవిని వదిలి డమాస్కసుకు వెళ్ళిపోయారు, జెరూసలేం చూశారు, హజ్ చేశారు. సుమారు పదకొండేళ్ళ తరువాత, 1106లో, నీషాపూరులో మళ్ళీ పాఠాలు చెప్పడానికి కూర్చున్నారు. చూసేవారికి అదే ఆచార్యుడు, అదే బోధన. కానీ ఒకప్పుడు పేరుప్రతిష్ఠలు సంపాదించే విద్యను బోధించాననీ, ఇప్పుడు వాటిని వదులుకునే విద్యను బోధిస్తున్నాననీ ఆయనే 'అల్ మున్‌కిజ్ మినద్దలాల్'లో చెప్పుకున్నారు. పని మారలేదు, పని చేసే మనిషి మారాడు.

ఇక్కడ గీటురాయి దొరుకుతుంది. యాత్రాగ్రంథం విలువ అందులోని వింతల సంఖ్యను బట్టి ఉండదు. తిరిగి వచ్చిన యాత్రికుడు తన ఇంటిని, తన పనిని, తన సమాజాన్ని ఏ కళ్ళతో చూశాడన్నదే అసలు ప్రశ్న. పై మూడు గ్రంథాలను ఈ ప్రశ్నతోనే చదవాలి.

ఇంటిని వెంట తీసుకుపోయిన యాత్రికుడు

ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసు నుండి బయలుదేరి, కడప, కర్నూలు, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తాలు చూసుకుని, తూర్పు తీరం వెంట 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరారు. దారిలో తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళకు రాసి పంపిన విషయాలే గ్రంథమయ్యాయి. వీరాస్వామయ్య 1836లో మరణించగా, రెండేళ్ళకు, 1838లో, పిళ్ళవారు దానిని అచ్చు వేయించారు. తెలుగులో యాత్రాసాహిత్యానికి ఇదే పునాది.

గ్రంథంలోని వివరాల సమృద్ధి ఆశ్చర్యం కలిగిస్తుంది. ఏ ఊరిలో నీటి వసతి ఎలా ఉంది, ఏ బాట ఎలాంటిది, బసకు ఏమి దొరుకుతుంది, ఏ నాణెం ఎక్కడ చెల్లుతుంది వంటి విషయాలను ఆయన విసుగు లేకుండా నమోదు చేశారు. భాష కూడా పండితుల గ్రాంథికం కాదు. ఆనాడు కచేరీలలో, బజారులలో నలిగిన తెలుగు. పారసీ, ఉర్దూ పదాలు అందులో ఏ సంకోచమూ లేకుండా కలిసిపోయాయి. తెలుగు ముస్లిం పాఠకుడు ఆ భాషను చదివినప్పుడు తన ఇంటి మాటలు కొన్ని తెలుగు గద్యపు తొలినాళ్ళలోనే చోటు సంపాదించుకున్న సంగతి గుర్తిస్తాడు.

హైదరాబాదు పాఠకునికి ఈ గ్రంథం మరొక మేలు కూడా చేస్తుంది. పుట్టినప్పటి నుండి చూస్తున్న చార్మినారును, మూసీని పొరుగూరి వ్యక్తి ఒకరు మొదటిసారి చూసి రాయగా చదవడం ఒక విధమైన ప్రయాణమే. సొంత ఊరే పరాయి ఊరుగా కనిపించి, రోజూ నడిచే వీధిలో ఇంతవరకు గమనించనిది ఏదో కళ్ళబడుతుంది. ఇల్లు కదలని చదువరికి యాత్రికుడు ఇవ్వగల కానుక ఇదే.

అయితే గీటురాయిపై పెట్టినప్పుడు ఈ గ్రంథపు హద్దు కూడా తెలుస్తుంది. వీరాస్వామయ్య పల్లకీలతో, గుడారాలతో, పెద్ద పరివారంతో ప్రయాణించారు. ఆచారమూ, వంటా, పూజా అన్నీ వెంట నడిచాయి. ఒక విధంగా ఆయన ఇల్లు వదలలేదు, ఇంటినే వెంట తీసుకుపోయారు. దానితో పాటు మద్రాసు కచేరీని కూడా తీసుకుపోయారు. నిజాం రాజ్యాన్ని ఆయన కుంపిణీవారి న్యాయస్థానపు కొలబద్దతో కొలిచారు. ఆ కొలతలో హైదరాబాదు తక్కువగానే తూగింది.

ఆ తూకం పూర్తిగా అన్యాయమని చెప్పలేము. నాసిరుద్దౌలా అప్పటికి గద్దెనెక్కి ఏడాదే అయింది. రాజ్యవ్యవహారాలు చందూలాల్ చేతిలో ఉన్నాయి, ఖజానా అప్పులలో కూరుకుని ఉంది. కానీ ఆ రాజ్యాన్ని అప్పులలోకి దింపినవారిలో అధిక వడ్డీకి సొమ్ము ఇచ్చిన విలియం పామర్ కంపెనీ అనే వ్యాపార సంస్థ కూడా ఉంది. గవర్నర్ జనరల్ అండ లేనిదే ఆ సంస్థ అంతగా పెరిగి ఉండేది కాదు. అంటే ఏ కొలబద్దతో హైదరాబాదును కొలిచారో ఆ కొలబద్ద సొంతదారులకే హైదరాబాదు దుస్థితిలో పాలు ఉంది. పరాయి ఊరిలోని లోపాన్ని ఆయన స్పష్టంగా చూశారు. తాను కొలువు చేసే వ్యవస్థను ఆ ఊరి వైపు నుండి తిరిగి చూడలేదు. చూపు ఒకే దిక్కుకు సాగింది. వీరాస్వామయ్య నిజాయితీని శంకించనక్కరలేదు. ఎంత నిజాయితీ ఉన్నా వెంట తెచ్చుకున్న కొలబద్దను ఒక్కసారైనా పక్కన పెట్టకపోతే పరాయి ప్రదేశం పాఠం చెప్పదని మాత్రం గ్రహించాలి.

ఇంటిని మరచిపోయిన యాత్రికుడు

వీరాస్వామయ్య హైదరాబాదుకు రావడానికి రెండేళ్ళ ముందు, 1828లో, అదే నగరం నుండి ఒక యువకుడు బయటికి నడిచాడు. ఆయనే యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్. కంబళి కప్పుకునేవాడని ఆ పేరుకు అర్థం. అనేక ప్రాంతాలు తిరిగి చివరకు లక్నో చేరి, నవాబు నసీరుద్దీన్ హైదర్ కొలువులో సైనికోద్యోగిగా కుదురుకున్నారు. ఇంగ్లీషు నేర్చుకున్నారు. సెలవు సంపాదించి, 1837లో కలకత్తా రేవులో ఓడ ఎక్కి లండను చేరారు. విక్టోరియా రాణి సింహాసనమెక్కిన సంవత్సరమది. తరువాత పారిసు చూసి, మధ్యధరా సముద్రం మీదుగా ఈజిప్టు చేరి, అక్కడి నుండి హిందుస్తానానికి తిరిగి వచ్చారు. 1847లో ఢిల్లీలో అచ్చయిన ఆయన గ్రంథాన్ని ఉర్దూలో తొలి సఫర్‌నామాగా సాహిత్య చరిత్రకారులు లెక్కిస్తారు. అదే తరువాత 'అజాయిబాతె ఫరంగ్' అన్న పేరుతో వెలువడింది. ఫరంగీ దేశపు వింతలని ఆ పేరుకు అర్థం.

ఈ గ్రంథాన్ని చదివే ముస్లిం పాఠకునికి మొదట కొంత ఇబ్బంది కలగడం సహజం. రచయిత తన మార్గాన్ని 'సులేమానీ మజ్‌హబ్' అని స్వతంత్రంగా చెప్పుకున్నారు. వినోదాలను, విందులను దాచకుండా రాశారు. ఆలింలు హర్షించే జీవితం కాదది. కానీ ఒక గ్రంథాన్ని విమర్శించేటప్పుడు దాని రచయిత నడవడిని మాత్రమే చూసి పక్కన పెట్టడం విమర్శ అనిపించుకోదు. కంబల్‌పోష్‌లో ఒక అరుదైన గుణం ఉంది. చూసినదానిని చూసినట్లు చెప్పగల ధైర్యం అది. తాను ఆనందించినదానిని ఆనందించలేదని చెప్పలేదు. లండనులో పనివాడి శ్రమను, విద్యాసంస్థలను, యంత్రాలను మెచ్చుకున్నారు. స్వదేశంలోని ధనికుల సోమరితనాన్ని, దుబారాను తలచి బాధపడ్డారు. ఇంటిలోని లోపాన్ని ఒప్పుకోగలగడం నిస్సందేహంగా ప్రయాణ ఫలమే.

లోపం మరొక చోట ఉంది. వీరాస్వామయ్య తన కొలబద్దను వదలలేదు. కంబల్‌పోష్ తన కొలబద్దను పూర్తిగా వదిలేసి లండనులో దొరికిన దానిని చేతబట్టారు. ఆ పట్టణపు వైభవానికి మూలధనం ఏయే దేశాల నుండి వచ్చిందన్న ప్రశ్న ఆయన గ్రంథంలో బలంగా తలెత్తదు. తనకు జీతమిచ్చిన అవధ్ రాజ్యం నుండి కుంపిణీ ఎంత సొమ్ము అప్పుల పేరిట, సైన్యపు ఖర్చుల పేరిట రాబట్టిందో లక్నో సిపాయికి తెలియనిది కాదు. గ్రంథం అచ్చయిన తొమ్మిదేళ్ళకు, 1856లో, అదే కుంపిణీ అవధ్‌ను మింగివేసింది. మరుసటి సంవత్సరం లక్నో యుద్ధభూమి అయింది. కంబల్‌పోష్ 1861 వరకు జీవించారు. మెచ్చుకున్న దేశపు ఆ రెండవ ముఖం తెలిసిన తరువాత ఆయన మరొక గ్రంథం రాసి ఉంటే అది బహుశా మొదటి దానికన్నా గొప్పదయ్యేది.

ఇంకొకటి హైదరాబాదీ పాఠకుని మనసులో మెదలక మానదు. తాను పుట్టిన ఊరికి ఈ గ్రంథంలో దక్కినది ఆరంభంలో ఒక ప్రస్తావన మాత్రమే. లండను వీధులు వర్ణించిన చేయి మూసీ ఒడ్డును ఎందుకు వర్ణించలేదు? ఊరు వదిలిన తొమ్మిదేళ్ళకు ఓడ ఎక్కిన మనిషికి పోల్చి చూసుకోవడానికి సొంత ఇల్లంటూ మిగల్లేదేమో. ఇల్లు లేనివాడికి వింతలు కనిపిస్తాయి. పోలిక దొరకదు. పోలిక లేనిచోట ఆశ్చర్యం ఉంటుంది గాని వివేకం పెరగదు.

ఇంటి కోసం బయలుదేరిన యాత్రికుడు

షిబ్లీ నోమానీ 1892లో అలీగఢ్ నుండి బయలుదేరినప్పుడు ఉద్దేశం స్పష్టంగా ఉంది. హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) జీవితచరిత్ర 'అల్ ఫారూఖ్' రాయడానికి అవసరమైన అరుదైన గ్రంథాలు ఇస్తాంబూలు, కైరో గ్రంథాలయాలలో ఉన్నాయి. వాటిని చూడాలి. వాటితో పాటు ముస్లిం దేశాలలో విద్య ఎలా నడుస్తోందో తెలుసుకోవాలి. ఆయన బోధించే అలీగఢ్ కళాశాలలోనే తత్త్వశాస్త్రం చెప్పే థామస్ ఆర్నల్డ్ పోర్ట్ సయీదు వరకు తోడు వచ్చారు.

ఆ ఓడలో జరిగిన ఒక సంఘటన ఉర్దూ పాఠకులకు బాగా పరిచితం. నడిసముద్రంలో ఓడ యంత్రం చెడింది. అందరూ భయపడ్డారు. షిబ్లీ కంగారుగా ఆర్నల్డ్‌ను వెతుకుతూ వెళ్ళారు. ఆర్నల్డ్ ప్రశాంతంగా పుస్తకం చదువుకుంటున్నారు. ఓడ మునిగేదే అయితే మిగిలిన కొద్ది సమయం మరింత విలువైనది గనుక దానిని వృథా చేయడం తెలివితక్కువ అన్న ధోరణిలో సమాధానమిచ్చారు. ఈ కథ సాధారణంగా ఆర్నల్డ్ నిబ్బరాన్ని పొగడడానికి చెబుతుంటారు. విమర్శకుడు గమనించవలసినది వేరొకటి. ఈ సంగతి లోకానికి తెలిసింది షిబ్లీ రాసినందువల్లనే. తన భయాన్ని, పరమతస్థుడైన సహోద్యోగి నుండి తాను నేర్చుకున్న పాఠాన్ని ఒక పేరుమోసిన ఆలిం తన చేతితోనే కాగితం మీద పెట్టారు. సఫర్‌నామాలో యాత్రికుడు తనను తాను చిన్నగా చూపించుకోగలిగిన చోటనే పాఠకునికి నమ్మకం కలుగుతుంది.

ఇస్తాంబూలులో షిబ్లీకి గౌరవం లభించింది. సుల్తాన్ అబ్దుల్ హమీద్ నుండి పతకం వచ్చింది. కైరోలో మాత్రం ఆయన ఆశ చెదిరింది. వేయి సంవత్సరాలకు చేరువైన అల్ అజ్‌హర్ విద్యాలయాన్ని ఎంతో భక్తితో దర్శించిన షిబ్లీ అక్కడి బోధనాపద్ధతిని, విద్యార్థుల దుస్థితిని చూసి దుఃఖించారు. పూజనీయమైన సంస్థను విమర్శించడం సులభం కాదు, పైగా పరాయి దేశంలో. కానీ ఆయన దృష్టి అజ్‌హర్ మీదనే ఆగలేదు. అజ్‌హర్‌లో కనిపించిన జబ్బు తమ దేశపు మదర్సాలలో కూడా ఉన్నదని గ్రహించారు. ఇంటిలో ఉన్నంతకాలం అలవాటు మరుగున పడిన లోపం పరాయి ఇంటిలో బయటపడి, తిరిగి సొంత ఇంటి తలుపు తట్టింది.

తరువాతి కథ చరిత్రకెక్కింది. మదర్సా పాఠ్యక్రమాన్ని సంస్కరించాలని ఆరంభమైన నద్వతుల్ ఉలమా ఉద్యమంలో షిబ్లీ ముందు వరుసలో నిలిచారు. 1901లో హైదరాబాదు వచ్చి, 1905 వరకు నిజాం ప్రభుత్వంలో విద్యావిషయాలకు సంబంధించిన శాఖను నిర్వహించారు. ఇమాం గజాలీ జీవితచరిత్రను ఆయన పూర్తి చేసింది ఈ హైదరాబాదు రోజులలోనే. ప్రయాణం చేసి మారిన ఒక ఆచార్యుని కథను ప్రయాణం చేసి మారిన మరొక ఆచార్యుడు రాయడం కేవలం యాదృచ్ఛికమే కావచ్చు, కానీ అర్థవంతమైనది.

ఈ సఫర్‌నామాకు కూడా కొరతలు లేకపోలేదు. గ్రంథాలయాలు, విద్యాలయాలు, ఆలింలు, అధికారులు వీరి మధ్యనే ఆయన చూపు ఎక్కువగా తిరిగింది. బజారులో కూలివాడు, పొలంలో రైతు, ఇంటిలోని స్త్రీ ఎలా బతుకుతున్నారన్నది తక్కువగా కనిపిస్తుంది. తుర్కీ ఖిలాఫత్ మీది గౌరవం వల్ల అక్కడి పాలనలోని లోపాలపై ఆయన కలం మెత్తబడింది. ఈ విషయాలలో వీరాస్వామయ్య చేతి వివరం, కంబల్‌పోష్ నోటి నిర్భయత్వం ఆయనకు కొంత ఉండి ఉంటే బాగుండేది. అయినా గీటురాయి మీద ఎక్కువ మెరిసేది షిబ్లీ గ్రంథమే. ముగ్గురిలో ఇంటికి పని తీసుకువచ్చినవారు ఆయనే.

చెల్లించవలసిన మూల్యం

ఈ ముగ్గురికీ ఐదు శతాబ్దాల ముందరి మహాయాత్రికుడు ఇబ్న్ బతూతాను తలచుకోకుండా ఈ చర్చ ముగియదు. 1325లో టాంజియరు నుండి హజ్‌కు బయలుదేరినప్పుడు ఆయన వయస్సు ఇరవై ఒకటి. తల్లిదండ్రులు బతికి ఉన్నారు. దాదాపు ఇరవై మూడేళ్ళకు తిరుగుముఖం పట్టి డమాస్కసు చేరినప్పుడు తండ్రి పదిహేనేళ్ళ క్రితమే పోయినట్లు తెలిసింది. ఇల్లు ఇంకా కొద్ది దూరమే ఉందనగా తల్లి మహమ్మారికి బలి అయినట్లు తెలిసింది. ఇల్లు చేరిన కొడుకు చేయగలిగినది ఆమె సమాధిని దర్శించడమే. ఢిల్లీ సుల్తాను దర్బారును, మాల్దీవులను, చీనాను చూసినట్లు చెప్పిన ఆ మనిషి చివరకు తన గ్రంథంలో మగ్రిబ్ దేశమే అన్ని దేశాలలోకి మేలైనదని తేల్చారు. అది ఊరికే వచ్చిన స్వదేశాభిమానం కాదు. అన్నీ చూసిన తరువాత, తల్లిని పోగొట్టుకున్న తరువాత వచ్చిన తీర్పు.

పని ముగిసిన వెంటనే ఇంటికి మరలమన్న ప్రవక్త (స) బోధన ఎంత కరుణతో కూడినదో ఈ సంఘటన తెలియజేస్తుంది. కొత్త చూపు ఉచితంగా రాదు. దానికి మూల్యం యాత్రికుడు ఒక్కడే చెల్లించడు; ఇంటిలో ఎదురుచూసేవారు కూడా చెల్లిస్తారు. కనుక చూసివచ్చిన దానితో ఇంటివారికి ఏమైనా మేలు చేయడం యాత్రికుని దయ అనుకోరాదు. అది అతడు తీర్చవలసిన బాకీ.

తెలుగు ముస్లిముల రాయని సఫర్‌నామా

ఈ మాట నేటి తెలుగు ముస్లిములకు సూటిగా తగులుతుంది. చరిత్రలో ఏనాడూ తెలుగు ముస్లిములు ఇంత పెద్ద సంఖ్యలో దూరప్రయాణాలు చేయలేదు. 1973లో చమురు ధరలు పెరిగిన తరువాత గల్ఫు దేశాలలో పనులు విస్తరించాయి. కరీంనగర్, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల నుండి, హైదరాబాదు పాతబస్తీ నుండి, హిందువులూ ముస్లిములూ కలిసి ఆ ఎడారి దేశాలకు తరలి వెళ్ళారు. హజ్, ఉమ్రా యాత్రలు విమానాల వల్ల సులభమయ్యాయి. కానీ ఇన్ని లక్షల ప్రయాణాల నుండి తెలుగులో నిలువదగిన సఫర్‌నామాలు ఎన్ని వచ్చాయి? వేళ్ళపై లెక్కపెట్టవలసినంత కొరత ఉంది.

వచ్చిన రచనలలో కూడా అధికభాగం ఒకే మూసలో ఉంటాయి. హజ్ యాత్రావిశేషాల పేరుతో విమానం సమయం, బసలోని వసతులు, తవాఫ్ విధానం, ఖర్జూరాల ధరలు వివరిస్తారు. కన్నీరు పెట్టుకున్నట్లు రాస్తారు. ఆ కన్నీటిని శంకించే హక్కు ఎవరికీ లేదు. కానీ తిరిగి వచ్చిన తరువాత తన వీధిలో ఏది కొత్తగా కనిపించిందో ఆ రచనలు చెప్పవు. ఇహ్రాం ధరించినప్పుడు యజమానీ, పనివాడూ ఒకే బట్టలో నిలిచారు. ఊరికి వచ్చిన తరువాత ఆ పనివాడిని ఏ వాకిట నిలబెడుతున్నారు? ఈ ప్రశ్న దగ్గర కలం ఆగిపోతుంది.

అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ ఉదాహరణ ఇక్కడ తలచుకోదగింది. 1964లో హజ్ చేసినప్పుడు తెల్లజాతి ముస్లిములతో కలిసి తిని, కలిసి నిద్రించిన అనుభవం, తెల్లవారందరూ పుట్టుకతోనే చెడ్డవారన్న ఆయన పాత నమ్మకాన్ని కదిలించింది. ఆ మార్పును ఆయన దాచుకోలేదు. మక్కా నుండి రాసిన ఉత్తరాలలోనే బయటపెట్టారు. న్యూయార్కు తిరిగి వచ్చి జాతివివక్షతో పోరాటం మానలేదు. పోరాటానికి కొత్త పునాది వేసుకున్నారు. మరుసటి సంవత్సరమే హత్యకు గురయ్యారు. మారిన చూపును ఇంటిలో నిలబెట్టుకోవడం ఎంత ప్రమాదకరమైన పనో ఆ జీవితం చెబుతుంది.

తెలుగువారికి మరింత దగ్గరి ఉదాహరణ మక్కాలోనే ఉంది. పూర్వపు హైదరాబాదు సంస్థానపు యాత్రికుల కోసం అక్కడ నిజాం కాలపు రుబాత్ ఉంది. ఆ సత్రంలో బస కల్పించిన సంవత్సరాలలో నల్లగొండ తెలుగువాడు, బీదరు కన్నడిగుడు, ఔరంగాబాదు మరాఠీవాడు ఒకే కప్పు కింద ఉన్నారు. 1956లో భాషల ప్రాతిపదికపై మూడు ముక్కలైన సీమ ఏడు సముద్రాల అవతల ఒక ఇంటిలో మళ్ళీ ఒకటైంది. తాను మరచిపోయిన తన ప్రాంతపు పాత రూపం యాత్రికునికి మక్కాలో ఎదురైంది. ఇంతకు మించిన సఫర్‌నామా వస్తువు ఏముంటుంది? కానీ దానిని గ్రంథంగా మలచే తెలుగు కలం ఎదురుచూపులకే మిగిలింది.

గల్ఫు పనివాని విషయం మరింత బరువైనది. ఇబ్న్ బతూతాకు డమాస్కసులో అందిన వార్త వంటిదే అతనికి ఫోనులో అందుతుంది. జనాజాకు చేరుకోలేని కొడుకులు ఎన్ని ఊళ్ళలో లేరు! ఆ మనిషి అరబ్బు యజమానిని చూశాడు, బంగ్లాదేశ్ పనివానితో గది పంచుకున్నాడు, ఫిలిప్పీన్సు వానితో కలిసి పనిచేశాడు. ఖుర్‌ఆన్ భాష మాట్లాడే దేశంలో కూలి ఎగ్గొట్టేవాడూ ఉంటాడనీ, ఇఫ్తారు వేళ ముక్కూ ముఖం తెలియనివాడికి పళ్ళెం అందించేవాడూ ఉంటాడనీ నేర్చుకున్నాడు. ఏ పండితునికీ లేని అనుభవ సంపద అది. కానీ అతడు ఊరికి తిరిగి వచ్చినప్పుడు పెట్టెలో ఏమి తెచ్చావని అడుగుతారు. ఏమి చూశావని అడగరు. అడిగేవారు లేనప్పుడు చూపు కూడా పెట్టెలోనే ఉండిపోయి తుప్పు పడుతుంది.

సంస్థలు, పత్రికలు చేయదగిన పని ఇక్కడ ఉంది. రాయడం రానివాడి నోటి మాటను రాసిపెట్టాలి. ఇబ్న్ బతూతా గ్రంథం కూడా ఆయన స్వయంగా కూర్చుని రాసినది కాదు. ఆయన చెప్పగా ఇబ్న్ జుజయ్య్ రాసి, 1355లో పూర్తి చేసినది. మగ్రిబ్ సుల్తాను ఆ ఏర్పాటు చేయకపోతే లోకానికి ఆ యాత్ర దక్కేది కాదు. ఆర్మూరులోనో, రాయచోటిలోనో ఒక వృద్ధుడు చెప్పగా ఒక విద్యార్థి రాసుకోవడానికి సుల్తాను ఫర్మానా అవసరం లేదు.

మరల చర్లపల్లి

ఇక మొదటి ప్రశ్నకు తిరిగి రావచ్చు. దిగినవారందరూ కొత్త చూపుతోనే దిగుతున్నారా? పై గ్రంథాలు ఇచ్చే జవాబు ఇది: కొత్త ప్రదేశం చూపును తనంతట తాను మార్చదు. ఇంటి కొలబద్దను గట్టిగా పట్టుకున్నవాడు పరాయి ఊరిలో తన ఇంటినే చూసి వస్తాడు. దానిని పూర్తిగా పారవేసినవాడు వింతలు చూసి వస్తాడు. తన కొలబద్దను కూడా పరీక్షకు పెట్టి, దొరికిన ఫలితాన్ని ఇంటిపని చక్కబెట్టడానికి తెచ్చినవాడే ప్రయాణించినవాడు.

చర్లపల్లి స్టేషనులో ఏ ఉదయమైనా రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఊరు వదిలి వెళ్ళే హైదరాబాదువారు ఒకరు. బీహారు, ఒడిశాల నుండి సంచి భుజాన వేసుకుని కర్మాగారాలలో పని వెతుక్కోవడానికి దిగేవారు మరొకరు. రెండవవారికి ఈ ఊరే పరాయి దేశం. ఇక్కడి భాష, తిండి, కూలి, అద్దె, మసీదులో పక్కవాడి పలకరింపు అన్నీ వారు మొదటిసారి చూస్తున్నారు. ఇబ్నుస్సబీల్ అని, బాటసారి అని, జకాత్‌లో వాటా నిర్ణయించినది ఇటువంటివారికోసమే. దూరం వెళ్ళలేని చర్లపల్లివాసి వారిలో ఒకరిని కూర్చోబెట్టి, ఒక కప్పు చాయ్ ఇచ్చి, ఈ ఊరు నీకు ఎలా కనిపిస్తోందని అడిగితే, తన ఊరి సఫర్‌నామా మొదటి అధ్యాయం అతనికి అక్కడే దొరుకుతుంది.